రేసు కారు పొగ మీదే మన చూపంతా: మోటార్ రేసులు, స్టేడియాల కాలుష్యంపై అపోహలు - వాస్తవాలు

క్రీడా పోటీల వల్ల ఎంత కర్బనం గాలిలో కలుస్తుందో లెక్కగట్టడం, పోటీ జరిగే చోట గాలి నాణ్యతనూ శబ్దాన్నీ కొలవడం నా వృత్తి. రేసు అనగానే నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఆ కార్లు ఎంత పొగ వదులుతాయన్నది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ జరిగినప్పుడు ఇదే ప్రశ్న తిరగేసి అడిగారు: కరెంటు కార్లే కదా, ఇంకా కాలుష్యం ఎక్కడిది? ఈ రెండు ప్రశ్నల వెనక ఉన్నది ఒకే అపోహ. నిర్వాహకుల చేత డబ్బును తప్పు చోట ఖర్చు పెట్టించేదీ, చుట్టుపక్కల ఉండేవారిని అసలు ప్రమాదం వైపు చూడనివ్వనిదీ అదే కాబట్టి, ఎక్కువ చోటు దానికే ఇస్తాను.

అపోహ: ట్రాక్ మీద తగలబడే ఇంధనమే అసలు కాలుష్యం.

వాస్తవం తెలియాలంటే చిన్న లెక్క చాలు. 2019 నుంచి 2025 వరకు అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఫార్ములా వన్ రేసులో ఒక్కో కారు 110 కిలోలకు మించి ఇంధనం వాడకూడదు. 20 కార్లకు కలిపి 2,200 కిలోలు. కిలో పెట్రోలు మండితే మూడు కిలోలకు కాస్త పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పెట్రోలులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కనుక బరువు పెరుగుతుంది. అంటే ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుని చూసే రేసు నుంచి వెలువడేది సుమారు 7 టన్నులు. ప్రాక్టీసు, క్వాలిఫయింగ్ కలుపుకుంటే కొంత పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు ఉప్పల్ స్టేడియంలో నిండుగా జరిగే ఒక ఐపీఎల్ మ్యాచ్‌ను తీసుకుందాం. అక్కడ పట్టేది సుమారు 39 వేల మంది. వారిలో 12 వేల మంది ముగ్గురేసి చొప్పున 4,000 కార్లలోనూ, 16 వేల మంది ఇద్దరేసి చొప్పున 8,000 బైకుల మీదా, రానూపోనూ 30 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చారనుకుందాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే గాని, నగరం గురించి తెలిసినవారికి అతిశయోక్తిగా తోచవు. కిలోమీటరుకు కారు 160 గ్రాములు, బైకు 45 గ్రాములు వదులుతాయని తీసుకుంటే మొత్తం 30 టన్నులు అవుతుంది. ఇంజినే లేని ఆట, బ్యాటు, బంతి, జట్టుకు పదకొండు మంది ఆటగాళ్లు; అయినా దాన్ని చూడటానికి వచ్చినవారి బళ్లు ఫార్ములా వన్ రేసు ఇంధనానికి నాలుగు రెట్ల కర్బనాన్ని వదిలాయి. దూరదేశాల నుంచి విమానాల్లో వచ్చేవారుంటే ఈ అంకెకు అర్థమే మారిపోతుంది, ఎందుకంటే లండన్ నుంచి హైదరాబాద్ వచ్చి వెళ్లే ఒక్క ప్రయాణికుడి వాటాయే ఒక టన్నుకు పైమాట.

ఇది నా ఒక్కడి వాదన కాదు. ఫార్ములా వన్ సంస్థ తానే 2018 సీజన్‌కు లెక్క వేయించి 2019 నవంబరులో బయటపెట్టింది. మొత్తం 2,56,551 టన్నులు. అందులో కార్లను, సామగ్రిని ఒక దేశం నుంచి మరో దేశానికి తరలించడానికి 45 శాతం, సిబ్బంది ప్రయాణాలకు 27.7 శాతం, జట్ల కర్మాగారాలకు, కార్యాలయాలకు 19.3 శాతం, పోటీ నిర్వహణకు 7.3 శాతం అయ్యాయి. కార్ల ఇంజిన్ల వాటా 0.7 శాతం. మళ్లీ చదవండి, ఏడు శాతం కాదు, ఒక శాతంలో ఏడు పదో వంతులు. పైగా ఆ లెక్కలో ప్రేక్షకుల రాకపోకలు చేరనే లేదు; చేరి ఉంటే ఇంజిన్ల వాటా ఇంకా చిన్నదయ్యేది.

ఇంత స్పష్టమైన అంకెలు ఆరేళ్లకు పైగా అందరి ముందూ ఉన్నా, సమావేశాల్లో మాట ఇంధనం దగ్గరే ఆగిపోతుంది. ఒక నిర్వాహక సంస్థవారు తమ పోటీని పచ్చగా మార్చే సలహాలు ఇమ్మని పిలిచి, జీవ ఇంధనం గురించి పూటంతా చర్చించి, ప్రేక్షకులకు బస్సులు నడపండని నేను అనేసరికి, దానికి బడ్జెట్‌లో పద్దు లేదని కాగితాలు సర్దుకున్నారు. ఇంధనం మారిస్తే కారు మీద స్టిక్కర్ వేసుకోవచ్చు, బస్సు మీద వేస్తే కెమెరాకు కనబడదు. ఆ లెక్క వాళ్లకు బాగానే తెలుసు.

అలాగని జీవ ఇంధనం పనికిరాదనడం లేదు. 2026 నుంచి ఫార్ములా వన్ పూర్తిగా కొత్తరకం ఇంధనానికి మారుతోంది. అక్కడ తేలిన పద్ధతి రేపు మామూలు బళ్లకు దిగితే మంచిదే. కాని అదే సంస్థ 2024లో జపాన్ రేసును శరత్కాలం నుంచి ఏప్రిల్‌కు జరిపి ఆసియా, పసిఫిక్ దేశాల రేసుల పక్కన చేర్చడం, ఖతార్‌ను అబుదాబి ముందు వారంలో పెట్టడం వంటి పనులు, వార్తల్లో అంత మెరవకపోయినా, 45 శాతం ఉన్న పద్దును నేరుగా తాకుతాయి. 2018తో పోలిస్తే 2024 నాటికి తమ ఉద్గారాలు 26 శాతం తగ్గాయని ఆ సంస్థ ప్రకటించింది. కొత్త ఇంధనం ఇంకా పూర్తిగా రాకముందే అంత తగ్గుదల ఎలా సాధ్యమైందో 0.7 శాతాన్ని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ప్రేక్షకుల విషయంలోనూ దారి తెలియక ఆగినదేమీ లేదు. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు స్థానిక రైలు, బస్సు టికెట్టుగా చెల్లింది. చెన్నైలోనూ చెపాక్ మ్యాచ్ టికెట్ చూపించినవారిని సిటీ బస్సుల్లో ఉచితంగా తీసుకెళ్లారు. మన ఉప్పల్‌లో స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, మ్యాచ్ రాత్రుల్లో చివరి రైలు వేళను పొడిగిస్తున్నారు కూడా. మిగిలిందల్లా మ్యాచ్ టికెట్‌లోనే రైలు ఛార్జీని కలిపేయడం.

అపోహ: కరెంటు కార్లయితే కాలుష్యం సున్నా.

పై అపోహకు ఇది తోబుట్టువు. హైదరాబాద్‌లో పరుగెత్తిన ఆ 22 కార్లలో ఒక్కోదాని బ్యాటరీలో వాడుకోగలిగింది 40 యూనిట్ల లోపే. అన్నీ కలిపి 880 యూనిట్లు అనుకుని, మన గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు 0.7 కిలోలకు కాస్త పైన వేసుకుంటే ముప్పావు టన్ను కూడా దాటదు. కాబట్టి ట్రాక్ మీద నిజంగానే కాలుష్యం స్వల్పం. కాని పెట్రోలు రేసులోనూ అది ముందే స్వల్పం. కార్లు, జట్లు ఖండాలు దాటి రావడమూ, ప్రేక్షకులు నగరం నలుమూలల నుంచి రావడమూ, 2.8 కిలోమీటర్ల ట్రాక్ కోసం రోడ్లు మూసినప్పుడు మిగతా వాహనాలు చుట్టుతిరిగి వెళ్లడమూ ఇంజిన్ మారినంత మాత్రాన మారవు. కరెంటు రేసు నిజంగా తెచ్చే లాభం శబ్దం తగ్గడం, దాని దగ్గరకు వస్తాను.

అపోహ: రేసు కార్ల పొగ వల్ల చుట్టుపక్కలవారి ఆరోగ్యం చెడుతుంది.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే భయం నిజమైనది, తప్పిందల్లా అది చూసే దిక్కు. ఒక నగరంలో వీధి రేసు ఏర్పాట్లు సాగుతుండగా ట్రాక్‌ను ఆనుకున్న అపార్ట్‌మెంట్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "సార్, మా మామయ్యగారికి ఉబ్బసం. ఆ రెండు రోజులూ మా ఆడపడుచు ఇంటికి పంపించేయమంటారా? కార్ల పొగ పడదేమోనని భయంగా ఉంది" అన్నారు. ఆవిడ భయానికి కారణం, రేసు రోజున తలుపులు బిగించుకోకపోతే ఊపిరితిత్తులు పాడవుతాయని వాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఒక సందేశం. ఎవరు రాశారో, ఏ ఆధారంతో రాశారో ఎవరికీ తెలియదు. వెళ్లి చూస్తే, ట్రాక్ ఆ ఇంటికి దూరంగానే ఉంది గాని, ప్రహరీ గోడ అవతలే అద్దెకు తెచ్చిన రెండు పాత జనరేటర్లను నిలబెట్టారు. వాటి పొగగొట్టాలు పైకి కాకుండా అడ్డంగా, సరిగ్గా మొదటి అంతస్తు బాల్కనీ వైపు వంగి ఉన్నాయి. పరీక్ష కోసం ఒక పూట నడిపినందుకే గోడ మీద చేయి పెడితే మసి అంటుకుంది. "అమ్మా, కార్ల సంగతి వదిలేయండి, ముందు వీటిని ఇక్కడి నుంచి తీయించాలి. మీ అసోసియేషన్ తరఫున ఒక ఉత్తరం ఇవ్వండి, నా కొలతలు దానికి జతచేస్తాను" అన్నాను. గొట్టాలు నిటారుగా పెట్టించి, జనరేటర్లను పార్కింగ్ స్థలం చివరకు జరిపారు. మామగారు ఇల్లు కదలలేదు.

ఇక్కడ చాలామంది ఇంజినీర్లు కూడా తికమకపడే విషయం ఒకటుంది. జనరేటర్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.28 లీటరు డీజిల్ ఖర్చవుతుంది, దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 0.75 కిలో. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడిన మన గ్రిడ్ కరెంటుదీ దాదాపు అంతే. కాబట్టి కర్బన లెక్కలో జనరేటర్ పెద్ద దోషి కాదు. కాని థర్మల్ కేంద్రం పొగ ఎత్తైన చిమ్నీ నుంచి ఊరికి దూరంగా పోతుంది, జనరేటర్ పొగ మాత్రం మన ముక్కు ఎత్తులో, మన గోడ పక్కనే వెలువడుతుంది. వాతావరణ మార్పుకు సంబంధించిన లెక్క వేరు, ఊపిరికి సంబంధించిన లెక్క వేరు. నివేదికలు రాసేవారు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరుగుపరచడం నాకు నచ్చని పని.

ప్రసారంలో కరెంటు రెప్పపాటు పోయినా నష్టమే కనుక ఫ్లడ్‌లైట్లనూ ప్రసార వాహనాలనూ చాలాచోట్ల మొదటి నుంచీ జనరేటర్ల మీదే నడుపుతారు. అందుకని మీ ఇల్లు స్టేడియం పక్కనే ఉంటే అడగవలసినవి ఇవి. పొగగొట్టం ఎత్తు, జనరేటర్ ఉన్న భవనం ఎత్తు కంటే కేవీఏ (యంత్రం సామర్థ్యాన్ని తెలిపే అంకె) వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు ఎక్కువగా ఉండాలి. 500 కేవీఏ యంత్రమైతే నాలుగున్నర మీటర్లు. శబ్దాన్ని ఆపే పెట్టె ఉండాలి, మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటరాదు. 2023 జులై 1 తర్వాత తయారైన యంత్రాలకు ఉద్గారాల ప్రమాణాలు బాగా కఠినమయ్యాయి, కనుక అద్దెకు తెచ్చినదాని తయారీ సంవత్సరం అడగడంలో తప్పులేదు. జవాబు రాకపోతే కాలుష్య నియంత్రణ మండలికి రాయవచ్చు.

ఇక శబ్దం. రేసు కార్ల వల్ల పొరుగువారికి నేరుగా కలిగే ఇబ్బంది ఏదైనా ఉంటే అది ఇదే. మన 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. పెట్రోలు రేసు కారు దగ్గర నిలబడితే 120 డెసిబెల్స్ దాటుతుంది, ఫార్ములా-ఈ కారుది 80 ప్రాంతంలో ఉంటుంది. డెసిబెల్స్‌లో పది పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు పెరిగినట్లు కనుక ఈ తేడా మామూలుది కాదు. గుండెజబ్బు ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న ఇళ్లవారు ఊరు వదలవలసింది పొగకు భయపడి కాదు గాని, ట్రాక్ వైపు గదిని ఆ పూటకు వదులుకోవడం, పెద్దవారికి చెవుల్లో పెట్టుకునే మృదువైన బిరడాలు కొనడం మంచిదే.

మిగిలినవి, క్లుప్తంగా.

మొక్కలు నాటితే సరిపోతుందంటారు. 2023 ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో ప్రతి డాట్ బాల్‌కు 500 మొక్కలు ప్రకటించారు. మంచి పనే, కాని బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది సుమారు 20 కిలోలని సాధారణంగా వేసుకునే లెక్క. ఈ రాత్రి వెలువడిన కర్బనాన్ని ఆ మొక్క పీల్చడం మొదలుపెట్టే వేళ వరకు దాన్ని ఎవరు నీళ్లుపోసి బతికించాలన్నది ప్రకటనలో ఉండదు.

"కార్బన్ న్యూట్రల్", అంటే వదిలిన కర్బనాన్నంతా మరోచోట సరిచేశామనే ముద్ర, చూసి నమ్మవద్దు. ఖతార్ 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు నిర్వాహక సంస్థ ఫిఫా తానే వేసిన అంచనా 36 లక్షల టన్నులు, అందులో సగానికి పైగా ప్రయాణాలది. ఆ పోటీని కార్బన్ న్యూట్రల్ అనడానికి తగిన ఆధారం చూపలేదని 2023 జూన్‌లో స్విట్జర్లాండ్ ప్రకటనల నియంత్రణ సంఘం తేల్చింది.

స్టేడియాలు ఊరి నీళ్లు తాగేస్తున్నాయన్న మాటలో కొంత నిజముంది. 2016లో కరవు కారణంగా బొంబాయి హైకోర్టు ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచ్‌లను మహారాష్ట్ర నుంచి తరలించమంది. ముంబయి, పుణె జట్లు విశాఖపట్నం వచ్చి ఆడాయి. తాగునీటిని పిచ్ మీద పోయడం తప్పే. అయితే మైదానానికి కావలసింది తాగునీరు కాదు. 2024 నీటి కటకటలో బెంగళూరు చిన్నస్వామి స్టేడియానికి శుద్ధిచేసిన మురుగునీటిని ఇచ్చారు, గడ్డికి ఏమీ కాలేదు. మ్యాచ్‌ను విమానమెక్కించడం కంటే అది చవక.

టైర్లు: 2025 వరకు ఫార్ములా వన్‌లో ఒక్కో డ్రైవర్‌కు మామూలు రేసు వారాంతంలో 13 సెట్ల పొడి టైర్లు (వాన లేనప్పుడు వాడేవి) ఇచ్చేవారు, అంటే 20 మందికి 1,040. చూడటానికి ఘోరంగా ఉంటుంది గాని మొత్తం లెక్కలో చిన్న పద్దు.

ఇకమీదట ఏ పోటీ నిర్వాహకులైనా పర్యావరణ నివేదిక విడుదల చేస్తే ముందుమాట, మొక్కల ఫోటోలు దాటేసి స్కోప్ 3 పట్టిక, అంటే నిర్వాహకులు తాము నేరుగా వదలని పరోక్ష ఉద్గారాల పట్టిక, తీయండి. అందులో ప్రేక్షకుల రాకపోకలు అనే వరుస ఉందో లేదో చూడండి. ఉంటే, ఎన్ని వాహనాలను ఏ గేటు దగ్గర లెక్కించారో అడగండి. పార్కింగ్ రసీదుల లెక్క వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది, ఎందుకంటే గుత్తేదారుకు డబ్బులు కట్టేది దాన్ని బట్టే.