కలిపి ఆడిస్తే కలిసిపోతారా? తరగతి ఆటలపై అపోహలు - వాస్తవాలు

కొత్త క్లాసు మొదలైన తొలి వారాల్లో రోజుకో పావుగంట నేను ఆటలకే ఇస్తాను. పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న భయం ఉన్నంతకాలం పిల్లలు ‘అర్థం కాలేదు’ అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేస్తారు, ఆ భయం పోవాలి. అయితే ఈ ఆటల మీద మన టీచర్లలో కొన్ని అపోహలు పాతుకుపోయాయి. వాటిలో కొన్ని నేనూ చాలాకాలం నమ్మినవే.

అపోహ: ఏ ఆటైనా సరే, కలిపి ఆడిస్తే చాలు.

వాస్తవం: ఏం ఆడిస్తున్నామన్నదే అసలు సంగతి. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త బృందం వేసవి శిబిరానికి వచ్చిన 22 మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి తాడులాట, బేస్‌బాల్ లాంటి పోటీలు పెట్టింది. కొద్ది రోజుల్లోనే వ్యవహారం తిట్లు దాటి జెండాలు తగలబెట్టుకోవడం దాకా వెళ్లింది. కలిపి భోజనాలకు కూర్చోబెట్టినా పగ తగ్గలేదు. నీళ్లు ఆగిపోయి, లారీ మొరాయించి, రెండు జట్లూ చేతులు కలిపితే తప్ప పని జరగని పరిస్థితి వచ్చాకే మెత్తబడ్డారు. (ఆ ఇబ్బందులు పరిశోధకులు కల్పించినవే. పిల్లలకు చెప్పకుండా అలా చేయడం తప్పనే నేను అంటాను.) అందుకే ఇంకా పరిచయాలు కుదరని క్లాసులో గెలుపోటముల ఆట నేను పెట్టను. దాని బదులు ఇలాంటిది ఆడిస్తాను: అందరూ కళ్లు మూసుకుని, ఒక్కో అంకె ఒక్కొక్కరు చెబుతూ 1 నుంచి 20 దాకా లెక్కపెట్టాలి, ఎవరి వంతు ఎప్పుడో ముందే అనుకోకూడదు, ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మళ్లీ మొదటికి. గెలిస్తే క్లాసంతా గెలుస్తుంది.

అపోహ: కళ్లకు గంతలు కట్టి నడిపిస్తే, వెనక్కి పడిపోమని చెప్పి పట్టుకుంటే నమ్మకం వస్తుంది.

వాస్తవం: అప్పటికే నమ్మకం ఉన్నవాళ్లకే అవి సరదా. ఒకసారి గంతలు వద్దన్న అమ్మాయిని ‘ఏం కాదులే’ అని ఒప్పించాను. ఆ తర్వాత చాలా రోజులు నా క్లాసులో ఆమె నోరు విప్పలేదు, ఆ తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు ప్రతి ఆటకు ముందు ‘ఆడటం ఇష్టం లేకపోతే పాస్ అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు’ అని చెబుతాను. పాస్ అన్నవాళ్లు టైం చూస్తారు, లేదా గమనించి చెబుతారు.

అపోహ: బాగా మాట్లాడించేదే మంచి ఆట.

వాస్తవం: వినడం నేర్పేది అంతకంటే మంచి ఆట. ఇద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరి చేతిలో బొమ్మ ఉంటుంది, దాన్ని మాటల్లో చెప్పాలి. రెండోవారు చూడకుండా గీయాలి. మొదటిసారి గీసేవాళ్లు ప్రశ్న అడగకూడదు. బొమ్మలు పక్కపక్కన పెట్టగానే ‘నువ్వు సరిగ్గా వినలేదు’, ‘నువ్వే సరిగ్గా చెప్పలేదు’ అని మొదలవుతుంది. రెండోసారి ప్రశ్నలకు అనుమతివ్వండి. ‘త్రిభుజం పైనా, పక్కనా?’ అన్న ఒక్క ప్రశ్నతో బొమ్మ ఎంత మారిందో పిల్లలే చూస్తారు, అడగడం తెలివితక్కువతనం కాదని అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. ఆట అయ్యాక ఐదు నిమిషాలు దాని గురించి మాట్లాడించకపోతే మాత్రం అది కాలక్షేపమే. ‘ఎక్కడ చిక్కుపడ్డారు?’ అని అడిగి ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించినదాని ప్రకారం టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకనుకు మించి ఆగరు, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎక్కువమంది మాట్లాడతారు. ఆ 3 సెకన్ల మౌనం మనకే టెన్షన్‌గా ఉంటుంది, ఓర్చుకోవాలి.

అపోహ: సిలబస్ వెనకబడిపోతుంది.

వాస్తవం: పాఠాన్నే ఆటలా మలచవచ్చు. 1971లో ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన జిగ్సా పద్ధతిలో పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లంతా ముందు కలిసి చదువుకుని, తమ జట్లకు తిరిగొచ్చి చెబుతారు. చెప్పేటప్పుడు తడబడే పిల్లవాడిని ఎగతాళి చేస్తే ఆ ముక్క తమకు దొరకదు కాబట్టి, ‘మెల్లగా చెప్పు, తర్వాత ఏమైంది?’ అని అడగడం జట్టువాళ్లకే అవసరమవుతుంది.