దూరం తగ్గించాల్సింది పిల్లే

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరి ఇంటికి కొత్త పిల్లి రాబోతూ ఉండొచ్చు. ఇంకొందరి ఇంట్లో అది ఇప్పటికే మంచం కిందికో బీరువా వెనక్కో దూరి, ఎంత పిలిచినా పలక్కుండా కూర్చుని ఉండొచ్చు. "మేమంటే దానికి ఇష్టం లేదేమో" అని మీ మనసు చిన్నబుచ్చుకుంటుంది. ఇష్టాయిష్టాల దాకా అది ఇంకా రాలేదమ్మా. ఈ చోట ప్రాణానికి భయం ఉందా, లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ పని ఎవరూ తొందరపెట్టకుండా దాన్నే చేసుకోనివ్వాలి. మీకూ దానికీ మధ్య దూరం తగ్గించాల్సింది అది, మీరు కాదు. మీరు చేయాల్సిందల్లా అది ధైర్యం చేసి ముందుకు రాగలిగేలా చోటు అమర్చడం.

పిల్లికి ఇల్లంటే గోడలూ గదులూ కావు, వాసన. దాని బుగ్గల దగ్గర, గడ్డం కింద, పాదాల అడుగున వాసన గ్రంథులు ఉంటాయి. ఇంట్లో కుదురుకున్న పిల్లి కుర్చీ కాలికీ తలుపు అంచుకీ బుగ్గ రాసుకుంటూ పోవడం చూసే ఉంటారు. "ఇది నాకు తెలిసిన చోటే" అని అది గుర్తు పెట్టుకుంటోందన్నమాట. కొత్త ఇంట్లో అలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు. దానికి తోడు చెవులు. శబ్దం ఎంత కీచుగా ఉందో హెర్ట్జ్‌లలో కొలుస్తారు. మనుషులకు 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు, పిల్లికి 60 వేలు దాటినా వినపడుతుంది. మనకు నిశ్శబ్దంగా తోచే గదిలో దానికి ఏ ఛార్జరో కీచుమంటూ ఉండొచ్చు.

అన్ని పిల్లులూ ఒకేలా బెదరవు. కూనగా ఉన్నప్పుడు, సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా, మనుషుల చేతుల్లో మెలిగినవి త్వరగా మచ్చికవుతాయి. ఆ వయసులో మనిషి అలికిడి ఎరగనివి పెద్దయ్యాక కూడా ఉలిక్కిపడుతూనే ఉంటాయి. కాబట్టి బెదిరే ప్రతి పిల్లినీ ఎవరో కొట్టి ఉంటారని అనుకోనక్కర్లేదు.

మొదట దానికి ఇల్లంతా చూపించకండి. ఒక్క గది ఇవ్వండి, చిన్నదైతే మరీ మంచిది. అటూ ఇటూ జనం తిరగని గది కావాలి. కిటికీల జాలీలు గట్టిగా ఉన్నాయో లేదో పెద్దవాళ్ళను చూడమనండి. మంచం కింద, బీరువా వెనక చెయ్యి పట్టని సందులుంటే పిల్లి రాకముందే దిండ్లతో, అట్టముక్కలతో మూసేయండి. దాక్కోకూడదని కాదు. మీకు కనపడని చోట దూరితే అది తిందో లేదో, ఒంట్లో బాగుందో లేదో తెలియదు. కాకపోతే ఒక సందు మూస్తే దానికి బదులు అంతకంటే మంచి చోటు చూపించాలి.

ఆ మంచి చోటు అట్టపెట్టె. పిల్లి లోపల నిలబడి వెనక్కి తిరగగలిగేంత పెట్టె తీసుకుని బోర్లించండి. ఒక పక్క 15 నుంచి 18 సెంటీమీటర్ల వెడల్పున కన్నం కొయ్యాలి, కత్తి పని పెద్దవాళ్ళదే. తర్వాత ఇంకో పక్క రెండో కన్నం. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. దారి ఒక్కటే ఉంటే, ఎవరైనా ఆ దారిలో నిలబడగానే పిల్లికి చిక్కుకుపోయినట్టు ఉంటుంది, అప్పుడే గోళ్ళు బయటికి వస్తాయి. పెట్టెను గోడ మూలకు ఆనించి, లోపల నుంచి గది తలుపు ఓరగా కనిపించేలా పెట్టండి. ప్రయాణంలో అది పడుకున్న గుడ్డనే లోపల పరచండి, ఉతక్కండి. ఆ గదిలో దానికి తెలిసిన వాసన అదొక్కటే. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దిక్కులేని పిల్లులను సాకే ఆశ్రమానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి పెట్టెలిచ్చి, తొమ్మిదింటికి ఇవ్వకుండా చూశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పెట్టె దొరికినవి త్వరగా కుదుటపడ్డాయి. అట్టపెట్టె ఆటవస్తువనుకుంటాం కానీ బెదిరిన పిల్లికి అది మందులాంటిది.

మలమూత్రాల ట్రే ఒక మూల, తిండి, నీళ్ళు ఎదురు మూల ఉండాలి, మధ్యలో కనీసం రెండు మీటర్ల ఎడం. మనం పాయిఖానా పక్కన కూర్చుని భోంచెయ్యం, అదీ అంతే. ట్రే పొడవు పిల్లి పొడవుకు (తోక కాకుండా) ఒకటిన్నర రెట్లు, ఇసుక ఐదారు సెంటీమీటర్ల మందం. పాత చోట ఏ రకం ఇసుక వాడారో అడిగి అదే తెప్పించండి. సువాసన కలిపింది వద్దు, దాని ముక్కుకు అది భరించలేని ఘాటు. రోజుకు రెండుసార్లు ఉండలు తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఈ పని చెయ్యకూడదు. పిల్లి మలంలో ఉండగల ఒక సూక్ష్మజీవి కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. గది నేలను ఫినాయిల్ లాంటి ద్రవాలతో తుడవకండి. పాదాలకు అంటుకున్నదాన్ని పిల్లి నాకుతుంది, అందులోని ఫినాల్‌ను విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి సరిగా లేదు. పూలకుండీలో లిల్లీ ఉంటే ఆ గదిలోంచి కాదు, ఇంట్లోంచే తీసేయండి. దాని పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడైపోతాయి.

తిండి కూడా మొదటి వారం పాతదే పెట్టండి. మార్చాలంటే ఆ తర్వాత వారం పది రోజులు తీసుకోండి. ముందు నాలుగో వంతు కొత్తది కలపండి, రెండు మూడు రోజులకు సగం, ఆపైన మూడొంతులు. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. పాలు పొయ్యకండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు.

పిల్లి వచ్చిన రోజు క్యారియర్‌ను, అంటే దాన్ని మోసుకొచ్చిన పెట్టెను, ఆ గదిలోకి తీసుకెళ్ళి, గది తలుపు మూసి, అప్పుడు క్యారియర్ తలుపు తెరవండి. తెరిచి బయటికి వచ్చేయండి. చేతులు పెట్టి లాగడం, క్యారియర్ వంచి దులపడం పనికిరాదు. అందరూ చుట్టూ చేరి కూర్చోవడమూ వద్దు. అది బయటికి రావడానికి పది నిమిషాలు పట్టొచ్చు, అర్ధరాత్రి దాకానూ పట్టొచ్చు.

మొదటి రాత్రి తినకపోతే కంగారు పడకండి. ఇల్లు సద్దుమణిగాక లేచి తింటుంది. అందుకే గిన్నెలో ఎంత పెట్టారో, పొద్దున ఎంత మిగిలిందో, ట్రేలో తడి ఉండలు ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. పూర్తిగా 24 గంటలు ఏమీ ముట్టకపోతే పశువైద్యుడికి ఫోన్ చెయ్యాలి, కూన అయితే అంతసేపు కూడా ఆగొద్దు. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోయినా, నోరు తెరుచుకుని రొప్పుతున్నా అసలు ఆగొద్దు, వెంటనే తీసుకెళ్ళాలి.

రెండో రోజు నుంచి మీ పని మొదలు. ఒక్కొక్కరుగా, రోజుకు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున గదిలో కూర్చోండి. పిల్లులు తెల్లవారుజామునా, సాయంత్రం చీకటి పడే వేళా చురుగ్గా ఉంటాయి కాబట్టి ఆ వేళలైతే మంచిది. నేల మీదే, దానికి పక్కకు తిరిగి కూర్చోండి. నిలబడితే దాని కంటికి మీరు కొండంత. పాఠ్యపుస్తకం తెచ్చుకుని తగ్గుగొంతుతో చదవండి. మీ గొంతు వినపడుతున్నా ఏ ఆపదా రావడం లేదని దానికి నెమ్మదిగా తెలుస్తుంది. తిండి గిన్నెను కూడా రోజుకో జానెడు మీ వైపు జరపండి. ఒకరోజు జరిపాక అది తినడం మానేస్తే గిన్నెను నిన్నటి చోటుకే వెనక్కి పెట్టండి. తొందరపడి రెండు జానలు జరిపిన రోజే వ్యవహారం చెడుతుంది.

దాని కళ్ళలోకి గుచ్చి చూడకండి. పిల్లుల భాషలో అది కాలు దువ్వడం. చూపు కలిసిందా, రెప్పలు సగం వాల్చి, నెమ్మదిగా మూసి, ఒక క్షణం ఉంచి, అంతే నెమ్మదిగా తెరవండి. తర్వాత మొహం పక్కకు తిప్పుకోండి. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా రెప్పలు వాల్చి చూపిస్తే పిల్లులూ రెప్పలు వాల్చి జవాబిచ్చాయి. కొత్తవాళ్ళు మామూలు మొహంతో చెయ్యి చాపినప్పటికంటే, రెప్పలు వాల్చాక చాపినప్పుడే ఆ చేతి దగ్గరికి ఎక్కువగా వచ్చాయి.

ఇక ముట్టుకోవడం. అది తానుగా మీ దగ్గరికి వచ్చిన రోజున చూపుడు వేలు కొంచెం వంచి, దాని ముక్కు ఎత్తున, ముక్కుకు ఒక జానెడు దూరంలో ఆపండి. ముందుకు పొడవకండి. మిగతా దూరం అది రావాలి. ముందు మెడ సాగుతుంది, వెనక కాళ్ళు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా వెనకే ఉంటాయి. ముక్కు తడి మీ వేలికి చల్లగా తగులుతుంది. వాసన చూసి బుగ్గ రాస్తే ఆ బుగ్గనే, గడ్డం పక్కన, రెండు మూడు సెకన్లు నిమిరి చెయ్యి వెనక్కి తీసుకోండి. మళ్ళీ తల తోస్తే ఇంకోసారి నిమరండి. వాసన చూసి వెనక్కి తగ్గితే ఇవాళ్టికి అంతే. పొట్ట, తోక మొదలు, పాదాలు ముట్టుకోవద్దు. మీ మీద నమ్మకం కుదిరాక కూడా చాలా పిల్లులకు అక్కడ నచ్చదు.

చెవులు పక్కలకు వాలినా, గది వెలుతురుగా ఉన్నా కంటిపాప నల్లగా పెద్దదైనా, తోక కొస టపటపా కొట్టుకున్నా చెయ్యి తీసెయ్యమని అర్థం. తోక నిటారుగా లేచి కొస కొక్కెంలా వంగితే అది పలకరింపు. గురగుర మాత్రం ఒక్కోసారి మోసం చేస్తుంది, భయంలోనూ నొప్పిలోనూ కూడా పిల్లి గురగురలాడుతుంది. మిగతా ఒళ్ళంతా చూసి గానీ నిర్ణయానికి రావద్దు.

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకసారి గీరడమో కరవడమో జరగొచ్చు. వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పెద్దవాళ్ళకు చెప్పండి. పిల్లిని తిడతారేమోనని దాచకండి. పిల్లి పన్ను సన్నగా, లోతుగా దిగుతుంది, పైన చుక్కంత కనిపించినా లోపల చీము పడుతుంది. రేబిస్ టీకా కావాలో వద్దో డాక్టరే చెప్పాలి. పిల్లిని మాత్రం కొట్టొద్దు, నీళ్ళు చల్లొద్దు. అది తప్పు తెలుసుకోదు. మీరు ఉన్నప్పుడు భయం వేస్తుందని మాత్రమే నేర్చుకుంటుంది, పది రోజుల పని ఒక్క దెబ్బతో పోతుంది.

ఆటలు మొదలుపెట్టాలంటే కర్రకు దారంతో ఈక కట్టినది బాగుంటుంది, మీ చెయ్యి దానికి దూరంగా ఉంటుంది కాబట్టి. ఐదు నిమిషాలు చాలు. ఆట అయ్యాక దారాన్ని అలమారాలో పెట్టి తలుపు వెయ్యండి. దారం మింగితే పేగులకు చుట్టుకుంటుంది.

మీరు ఉండగానే తింటూ, తోక ఎత్తి గదంతా తిరుగుతూ, కుర్చీలకు బుగ్గలు రాస్తూ ఉంటే గది తలుపు తెరిచే రోజు వచ్చినట్టే. ఒక సాయంత్రం, వీధి తలుపు మూశాక, పక్క గది ఒక్కటి చూపించండి. వెనక్కి పరుగెత్తే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. తొలిరోజే ఇల్లంతా వదిలేస్తే ఏం జరుగుతుందో చూడాలనుకుంటే, "కాలు కాలిన పిల్లి" అన్న మాట ఎందుకు పుట్టిందో మీకు కళ్ళారా కనిపిస్తుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఈ తలుపు ఇంకా ఆలస్యంగా తెరవాలి. ముందు ఒకదాని గుడ్డ ఇంకోదానికి వాసన చూపించి, మూసిన తలుపుకు రెండు వైపులా గిన్నెలు పెట్టి కొన్నాళ్ళు తినిపించాలి.

బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, నాదే అనుకోవడానికి మూడు నెలలు అని పిల్లులను సాకేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. ఉజ్జాయింపు లెక్కే అది. బాగా పిరికి పిల్లికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అందాకా అట్టపెట్టె తియ్యకండి. క్యారియర్‌ను కూడా అటక మీదికి ఎక్కించకుండా, గుడ్డ పరిచి, తలుపు తెరిచి గదిలోనే ఉంచండి. దాన్ని డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడే కిందికి దించితే, దాని చప్పుడుకే పిల్లి మాయమవుతుంది.

ఏదో ఒక సాయంత్రం మీరు చదువుకుంటుంటే అది వచ్చి మోకాలి మీద ముందు ఒక పాదం పెడుతుంది, తర్వాత రెండోది. అప్పుడు పుస్తకం మూయకండి, గొంతు పెంచకండి, చదువుతూనే ఉండండి. దిగి వెళ్ళిపోయేటప్పుడు పట్టుకోకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య