చల్లటి టైర్ల సీజన్: జపాన్ సూపర్ ఫార్ములా 2023పై అపోహలు – వాస్తవాలు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ కార్ల రేసులో నిక్ కాసిడీ రెండో స్థానంలో వచ్చాడు. 2019 సూపర్ ఫార్ములా చాంపియన్ అతనే అని ఆ రోజు గట్టు మీద నిలబడి చూసిన హైదరాబాదీల్లో ఎంతమందికి తెలుసో! జపాన్‌లో నడిచే ఈ కారు రేసుల సిరీస్ గురించి మన దగ్గర వినిపించే మాటల్లో చాలావరకు ఎఫ్‌1 నుంచి అరువు తెచ్చుకున్న ఊహలే. కాసిడీ హైదరాబాద్ వచ్చిన ఏడాదే అక్కడ నడిచిన సీజన్‌ను ముందు పెట్టుకుని వాటిని విప్పి చూద్దాం. 2023లో ఏడు వారాంతాల్లో తొమ్మిది రేసులు జరిగాయి. ఫుజిలో మూడు, సుజుకాలో మూడు, ఆటోపొలిస్, సుగో, మోటెగిల్లో ఒక్కొక్కటి.

అపోహ: ఎఫ్‌1లో సీటు దొరకనివాళ్లు తలదాచుకునే చోటు ఇది.

వాస్తవం: వచ్చినవాళ్ల జాబితా చూడండి. ఎఫ్‌1కు ఒక మెట్టు కింద ఉండిన జీపీ2 సిరీస్‌లో 2015 చాంపియన్ స్టోఫెల్ వాన్‌డోర్న్ 2016లో ఇక్కడ నడిపి రెండు రేసులు గెలిచాడు. 2016 జీపీ2 చాంపియన్ పియెర్ గాస్లీ 2017లో వచ్చాడు, అతనూ రెండు గెలిచాడు, అయినా టైటిల్ దక్కలేదు. అలెక్స్ పలౌ 2019లో నకజిమా రేసింగ్ కారుతో చివరి రేసు దాకా టైటిల్ పోరులో నిలిచి, తర్వాత అమెరికా వెళ్లి ఇండీకార్ చాంపియన్ అయ్యాడు. ఆ నకజిమా కారు మీద కనిపించిన టీసీఎస్ పేరు మన టీసీఎస్‌దే. మనవాడు నరేన్ కార్తికేయన్ కూడా 2014 నుంచి 2018 దాకా ఈ సిరీస్‌లోనే ఉన్నాడు.

బయటివాళ్లకు ఇక్కడ అసలు పరీక్ష స్థానిక డ్రైవర్లే. 2021, 2022 చాంపియన్ తొమొకి నోజిరి ఎఫ్‌1 రేసు ఒక్కటీ నడపలేదు. కానీ సుజుకాలో ట్రాక్ అంచున ఏ కెర్బ్ గట్టు ఎంత ఎత్తుందో, ఏ గాలికి 130ఆర్ మలుపులో కారు వెనక భాగం తేలుతుందో అతనికి కంఠతా వచ్చు. 2023లో రెడ్‌బుల్ పంపిన లియమ్ లాసన్ చేరింది అదే నోజిరి ఉన్న టీమ్ ముగెన్‌లో. టీమ్‌మేట్‌తో పోల్చుకునే ఆటలో ఇంతకంటే కఠినమైన కొలబద్ద దొరకదు.

అపోహ: అందరిదీ ఒకే కారు, కాబట్టి తేడా అంతా డ్రైవర్‌దే.

వాస్తవం: దల్లారా తయారుచేసిన ఎస్‌ఎఫ్23 ఛాసిస్, యొకొహామా టైర్లు అందరికీ ఒకటే. ఇంజన్ మాత్రం హోండా, టయోటాల్లో ఏదో ఒకటి. ఇక 2023 దాకా డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) టీమ్‌ల ఇష్టం. కారు బరువు నాలుగు టైర్ల మీద ఎంత వేగంగా మారాలో, కెర్బ్ ఎక్కి దిగాక టైరు మళ్లీ ఎంతసేపట్లో రోడ్డును పట్టాలో నిర్ణయించేది డ్యాంపరే. కారు కింది భాగానికీ రోడ్డుకూ మధ్య ఎత్తు మిల్లీమీటర్లలో ఊగినా డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును రోడ్డుకు అదిమే బలం, మారిపోతుంది. పెద్ద టీమ్‌లు ఏళ్ల తరబడి డ్యాంపర్ల లోపలి షిమ్‌లు (పలుచని బిళ్లలు) మార్చి మార్చి పరీక్షించి కూడబెట్టుకున్న జ్ఞానం అది. 2024లో అందరికీ ఒకే ఓలిన్స్ డ్యాంపర్ తెచ్చారు. కాబట్టి పాత ఆస్తి పనికొచ్చిన చివరి ఏడాది 2023. చిన్న టీమ్‌ల వైపు నుంచి చూస్తే ఈ నిర్ణయం ఇంకా ముందే రావాల్సింది.

పైగా ఆ ఏడాది రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. డ్రైవర్ కూర్చునే ప్రధాన గుల్ల (మోనోకాక్) పాత ఎస్‌ఎఫ్19 కారుదే అయినా, వెనకొచ్చే కారుకు చెదిరిన గాలి తక్కువ తగలాలని పైనున్న బాడీ, వింగ్‌ల ఆకారం మార్చారు. బాడీలో కొంత భాగం కార్బన్‌కు బదులు అవిసె నారతో చేసిన మిశ్రమం. టైర్లలో కూడా మూడో వంతు దాకా పునరుత్పాదక, రీసైకిల్ చేసిన ముడిసరుకు వాడారు. గాలి ప్రవాహాన్ని మలిచే ఆకారం మారి టైరు అలాగే ఉంటే తేడా ఎక్కడిదో పట్టుకోవచ్చు. రెండూ ఒకేసారి మారితే, మలుపు మధ్యలో కారు ముందు భాగం జారుతున్నది వింగ్ వల్లా, రబ్బరు వల్లా అన్నది తేల్చడానికే ప్రాక్టీస్ గంటలు కరిగిపోతాయి.

అపోహ: 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనే కదా, వేగం ఏముంటుంది?

వాస్తవం: టర్బోతో సుమారు 550 హార్స్‌పవర్. డ్రైవర్‌తో కలిపినా కారు బరువు 700 కిలోలకు లోపే. 2020 డిసెంబరు చలిలో సుజుకా క్వాలిఫైయింగ్‌లో ఈ కార్లు ల్యాప్‌ను 1 నిమిషం 34 సెకన్ల కొన్ని పదో వంతుల్లో ముగించాయి. అదే ట్రాక్‌పై 2019లో ఎఫ్‌1 పోల్ (క్వాలిఫైయింగ్‌లో మొదటి స్థానం) సమయం 1:27.064. రెండింటి బడ్జెట్ల మధ్య ఉన్న అగాధంతో పోలిస్తే ఏడెనిమిది సెకన్లు ఒక లెక్కా?

అపోహ: ఓవర్‌టేక్ బటన్ అంటే డీఆర్‌ఎస్ లాంటిదే.

వాస్తవం: ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. ఎఫ్‌1లో 2025 దాకా ఉన్న డీఆర్‌ఎస్ అంటే వెనక వింగ్‌లో తెరుచుకునే రెక్క. అది వెనకున్నవాడికి మాత్రమే, ఒక సెకను లోపు దూరంలో ఉంటేనే, గీత గీసిన చోటే తెరుచుకునేది. సూపర్ ఫార్ములా ఓటీఎస్‌కు (ఓవర్‌టేక్ బటన్‌కు) వింగ్‌తో సంబంధం లేదు. ఈ ఇంజన్లకు గంటకు ఇన్ని కిలోల ఇంధనమే వెళ్లాలని పరిమితి ఉంటుంది. బటన్ నొక్కితే ఆ పరిమితి గంటకు 10 కిలోల మేర పెరుగుతుంది. సెకనుకు లెక్కేస్తే అదనంగా 2.8 గ్రాములు. రేసు మొత్తానికి ఇచ్చేది 200 సెకన్లు, అంతా వాడేసినా అదనపు ఇంధనం అటూఇటూగా 555 గ్రాములు. గుప్పెడు పెట్రోలు కోసం ఇంత యుద్ధం.

ఈ బటన్ ముందున్నవాడికీ ఉంటుంది. మీరు నొక్కితే అతనూ నొక్కుతాడు, తేడా సున్నా. ఆట అంతా ఎదుటివాడి దగ్గర ఎన్ని సెకన్లు మిగిలాయన్న దాని మీదే. ఇంకో మెలిక ఉంది. ఒకసారి వాడి వదిలాక సుమారు 100 సెకన్ల పాటు మళ్లీ నొక్కినా పలకదు. ఫుజిలో అది ఒక ల్యాప్ కంటే ఎక్కువ, సుజుకాలో దాదాపు ఒక ల్యాప్. అందుకే తెలివైనవాడు ఉత్తుత్తిగా దగ్గరకొచ్చి ముందున్నవాడి చేత బటన్ నొక్కిస్తాడు. అతని బటన్‌కు తాళం పడిన తర్వాత తను నొక్కుతాడు. ఫుజిలో 1.475 కిలోమీటర్ల మెయిన్ స్ట్రెయిట్ ఉంది కాబట్టి, చివరి మలుపు నుంచి బయటపడే క్షణంలో నొక్కితేనే పూర్తి లాభం. స్ట్రెయిట్ సగంలో గుర్తొస్తే సెకన్లు ఖర్చు, ఫలితం సున్నా.

అపోహ: ముందు పిట్‌కు వచ్చి కొత్త టైర్లు వేసుకున్నవాడికి వెంటనే వేగం వస్తుంది.

వాస్తవం: ఎఫ్‌1లో టైర్లను విద్యుత్ దుప్పట్లలో వేడి చేసి ఉంచుతారు. సూపర్ ఫార్ములాలో అవి నిషిద్ధం. ఏప్రిల్‌లో ఫుజి కొండ గాలి ఎంత చల్లగా ఉంటే టైరూ అంత చల్లగా కారు కిందకి వస్తుంది. కాగని పెనం మీద పోసిన మొదటి దోశ గతి తెలిసిందే కదా, పిట్ నుంచి బయటకొచ్చే మొదటి ల్యాప్ కూడా అంతే.

గాలి ఒత్తిడితోనే మొదలవుతుంది తలనొప్పి. 20 డిగ్రీల దగ్గర గేజ్‌లో 1.2 బార్ పెట్టామనుకుందాం. వాతావరణ ఒత్తిడి కలిపితే 2.2. టైరు లోపలి గాలి 90 డిగ్రీలకు చేరేసరికి అది 2.73 అవుతుంది, గేజ్‌లో 1.73. అంటే సగం బార్‌కు పైగా పెరుగుదల. మొదటి ల్యాప్‌లో పట్టు కోసం ఒత్తిడి ఎక్కువ పెట్టి పంపితే, ఐదు ల్యాప్‌ల తర్వాత టైరు ఉబ్బి నడుమ భాగమే రోడ్డును తాకుతుంది, మధ్యలో అరిగిపోతుంది. తక్కువ పెడితే మొదట్లో పక్కగోడలు ఒరిగిపోయి కారు చెప్పిన మాట వినదు. ఉదయం ప్రాక్టీస్‌కూ మధ్యాహ్నం రేసుకూ గాలి వేడిలో 10 డిగ్రీల తేడా వస్తే ఒత్తిడి లెక్క 0.07 బార్ దాకా జరుగుతుంది. దాన్ని సవరించకుండా పొద్దున అంకెతోనే పంపితే మధ్యాహ్నం శిక్ష తప్పదు.

కారును అటూ ఇటూ తిప్పితే టైర్లు వేడెక్కుతాయనుకుంటారు. అలా వేడెక్కేది పైపొర మాత్రమే. లోపలి రబ్బరును లేపాలంటే గట్టిగా బ్రేక్ వేయాలి, వెనక చక్రాలకు పవర్ ఇచ్చి పని చెప్పాలి. బ్రేకుల వేడి రిమ్ గుండా టైరులోకి పోతుంది. కానీ పిట్‌లో ఆగివచ్చిన కార్బన్ బ్రేకులూ చల్లారి ఉంటాయి, కార్బన్ చల్లగా ఉంటే సరిగా పట్టదు. ముందు చక్రాలకు బ్రేక్ వాటా ఎక్కువుంటే అవి లాక్ అవుతాయి. వెనక్కి మారిస్తే కారు గిర్రున తిరుగుతుంది. ఫుజిలో అయితే పిట్ దాటిన వెంటనే మొదటి మలుపు. అక్కడికి 250 దాటిన వేగంతో వచ్చే కార్ల మధ్యకు, పట్టు లేని టైర్లతో దూరాలి.

అందుకే ఇక్కడ అండర్‌కట్, అంటే ప్రత్యర్థి కంటే ముందే ఆగి కొత్త టైర్లతో అతన్ని దాటే ఎత్తు, పనిచేసే తీరే వేరు. ఎఫ్‌1లో అది గడియారంలో గెలిచే ఆట. ఇక్కడ ముందు ఆగినవాడు ఆ ల్యాప్‌లో గడియారంలో ఓడొచ్చు. కానీ ప్రత్యర్థి ఆగి బయటకొచ్చేసరికి ఇతని టైర్లు వేడెక్కి ఉంటాయి, అతనివి మంచులా ఉంటాయి. ఫుజి తొలి రేసులో లాసన్ చేసింది అదే. నోజిరి అతని కంటే ముందే ట్రాక్‌పైకి వచ్చాడు గానీ నిలబెట్టుకోలేకపోయాడు. ఈ సిరీస్‌లో అది లాసన్‌కు మొదటి రేసు, మొదటి గెలుపు. ఎవరు ముందు బయటకొచ్చారన్నది కాదు, మూడు మలుపుల తర్వాత ఎవరు ముందున్నారన్నది చూడాలి.

ప్రమాదం జరిగి అందరి వేగం తగ్గించే సేఫ్టీ కారు వస్తే ఈ లెక్కలన్నీ తారుమారు. అందరూ మెల్లగా నడుస్తారు కాబట్టి ఆగినా నష్టం తక్కువ. అప్పటికే ఆగినవాళ్లకు గుండె మంట. 2023 ఏప్రిల్‌లో సుజుకాలో 12వ స్థానం నుంచి బయల్దేరిన రితోమో మియాతా గెలిచాడు. సూపర్ ఫార్ములాలో అతని మొదటి విజయం అది. అదృష్టమని కొట్టిపారేసేవాళ్లుంటారు. సేఫ్టీ కారు వచ్చేదాకా టైర్లు కాపాడుకుని, ఆగకుండా బయట ఉండటమూ ఒక పనే.

అపోహ: ఎక్కువ రేసులు గెలిచినవాడే చాంపియన్.

వాస్తవం: 2023 లెక్క చూడండి. నోజిరి మూడు గెలిచాడు, లాసన్ మూడు గెలిచాడు. రెండే గెలిచిన మియాతా చాంపియన్ అయ్యాడు. గెలిస్తే 20, రెండో స్థానానికి 15, మూడుకి 11, నాలుగుకి 8, అలా పదో స్థానానికి 1. క్వాలిఫైయింగ్‌లో మొదటి ముగ్గురికి 3, 2, 1. ఒకటికీ రెండుకూ మధ్య తేడా ఐదే కాబట్టి, ప్రతిసారీ ముందు వరుసలో ముగించేవాడికి ఈ పద్ధతి చుట్టం. ఒక రేసు పోయినవాడికి శత్రువు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంచించుకుపోయే సమస్యతో నోజిరి ఆటోపొలిస్ రేసుకే రాలేదు. ఆ ఒక్క సున్నా అతన్ని సీజన్ చివరిదాకా వెంటాడింది. మోటెగిలో లాసన్ మొదటి ల్యాప్‌లోనే స్పిన్ అయ్యాడు, వెనకున్నవాళ్లు చిక్కుకున్నారు.

పాయింట్లు ఎప్పుడూ పూర్తిగా ఇస్తారనుకోవడమూ పొరపాటే. అక్టోబరులో సుజుకా శనివారం రేసు 130ఆర్ దగ్గర జరిగిన పెద్ద ప్రమాదంతో ఎర్రజెండా పడి మళ్లీ మొదలవలేదు, సగం పాయింట్లే ఇచ్చారు. ఆటోపొలిస్‌లో ప్రమాదాలు కాదు, పొగమంచు దెబ్బతీస్తుంది. అది అసో పర్వతాల దగ్గర ఎత్తులో ఉంది. ఎదురుగా మార్షల్ జెండా కనిపించకపోతే, సహాయ హెలికాప్టర్ ఎగరలేకపోతే కారు కదలదు. 2017 గాస్లీ కథ అన్నింటికంటే చేదు. చివరి రెండు రేసులు సుజుకాలో తుఫాను వల్ల రద్దయ్యాయి. అప్పటికి హిరోఅకి ఇషియురాకు 33.5, గాస్లీకి 33. అర పాయింటుతో టైటిల్ పోయింది, అదీ చివరి రేసులు నడపకుండానే.

అపోహ: ఇండియాలో కూర్చుని ఇది చూడటం కష్టం.

వాస్తవం: జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంది. అక్కడ మధ్యాహ్నం రెండున్నరకు మొదలైతే మనకు ఉదయం పదకొండు. ఆదివారం టిఫిన్ అయ్యాక, భోజనానికి ముందు అయిపోతుంది. 2023లో సుజుకాలో 31 ల్యాప్‌లు, ఫుజిలో 41, ఎక్కడైనా దాదాపు 180 – 190 కిలోమీటర్లు. ఎస్‌ఎఫ్‌గో యాప్‌లో ఒక్కో కారు ఆన్‌బోర్డ్, వేగం, బ్రేక్, టీమ్ రేడియో విడివిడిగా చూడొచ్చు. రేడియో జపనీస్‌లో ఉంటుంది, అయినా స్వరం చాలు. కార్లు టైర్ల కోసం పిట్‌కు రావడం మొదలయ్యాక లీడర్‌ను వదిలేసి, అప్పుడే పిట్ నుంచి బయటకొచ్చిన కారు ఆన్‌బోర్డ్‌లోకి మారండి. మొదటి మలుపులో స్టీరింగ్ చిన్న చిన్న కుదుపులతో ఎదురు తిరుగుతుంటుంది. మలుపు మలుపుకీ అది తగ్గుతుంది. పూర్తిగా ఆగే లోపే వెనకవాడు పక్కకు వచ్చేస్తే, ఆ స్థానం పోయినట్టే.