అక్షరాల వరుసలో కూర్చున్న బొమ్మ

ప్రియమైన పిల్లలకు,

బడి కోసం వెబ్‌సైటు తయారుచేస్తున్న మీలో ఒకరు, "తాతయ్యా, నేను పెట్టిన ఇంటి బొమ్మ, ఫోను బొమ్మ ఇంట్లో చక్కగా కనిపించాయి, బడిలో మాత్రం వాటి చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి, ఎందుకు?" అని అడిగారు. మీరు పెట్టినవి బొమ్మల ఫైళ్ళు కావు, ఫాంట్ ఆసమ్ అనే ఫాంటులోని అక్షరాలు.

నా చిన్నతనంలో మా ఊరి అచ్చాపీసులో, గడికొక సీసపు అక్షరం చొప్పున నింపిన పెద్ద చెక్క కేసు ఉండేది. కంపోజిటరు దానివైపు చూడకుండానే అక్షరాలను ఏరి వరుసగా పేర్చుతుంటే, సాయంత్రాలు సిరా వాసన పీలుస్తూ గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. శుభలేఖల కోసం పువ్వులు, కలశాలు కూడా అక్షరాలంత ఎత్తులోనే పోతపోసి ఆ కేసులోనే కొన్ని గళ్ళలో ఉంచేవారు కాబట్టి, వాక్యం నడుమ పువ్వును పెట్టినా యంత్రానికి అది మరొక అక్షరమే.

ప్రపంచంలోని లిపుల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టిక కూడా అటువంటి కేసే. అందులో మన 'అ'కు 0సి05 (0C05) అనే గడి ఉన్నది; అంకెలతో పాటు ఇంగ్లీషు అక్షరాలూ కలిసే ఈ సంఖ్యలు పదహారు గుర్తుల లెక్కలోవి. ఈ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ వరకు 6,400 గళ్ళను మాత్రం ఏ లిపికీ ఇవ్వకుండా, ఎవరి అవసరానికి వారు వాడుకోవడానికి విడిచిపెట్టారు. 2012లో వెబ్‌పేజీల తయారీకి వాడే బూట్‌స్ట్రాప్ అనే సరంజామా కోసం డేవ్ గాండీ రూపొందించిన ఫాంట్ ఆసమ్ తన బొమ్మలను ఆ గళ్ళలోనే సర్దుకున్నది. ఇల్లు ఉన్నది ఎఫ్015లో. మీ పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్ ఆ గడి సంఖ్యను మాత్రమే చెబుతుంది, బొమ్మ ఆకారపు అచ్చు ఫాంటు ఫైలులో ఉంటుంది. ఫాంటును వేరే సర్వరు నుంచి తెప్పిస్తున్నప్పుడు బడి నెట్ దానిని రానివ్వకపోతే, బ్రౌజరుకు సంఖ్య అందుతుంది, అచ్చు అందదు, అందుకే డబ్బా. ఫాంటు ఫైలును మీ ప్రాజెక్టు ఫోల్డరులోనే ఉంచుకోండి. వాడేవి మూడు బొమ్మలైతే ఆ మూడింటితోనే చిన్న ఫాంటు చేసుకోవచ్చు. నాలుగు మాటల చీటీకి అచ్చాపీసంతా మోయనక్కరలేదు.

మరొక మాట మీరు తప్పక పాటించాలని నా కోరిక. చూపులేని వారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడరుకు ఎఫ్015 అంటే ఇల్లని తెలియదు. ఆ గుర్తును చదవకుండా వదిలేయమని స్క్రీన్ రీడరుకు చెప్పే ఏరియా-హిడెన్ (aria-hidden) పెట్టి, పక్కనే 'ముంగిలి పేజీ' అని మాటల్లో రాయండి. చదవడానికి వీలుగా బ్రౌజరులో తమకు నచ్చిన ఫాంటునే అంతటా పెట్టుకునేవారికీ బొమ్మలకు బదులు డబ్బాలే కనిపిస్తాయి. ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ వెబ్‌సైటు 2016లో ఇలాంటి ఐకాన్ (గుర్తుల) ఫాంటును విడిచి, గీతల లెక్కలతో గీసే ఎస్‌వీజీ బొమ్మలకు మారింది. మీ పని పెద్దదైనప్పుడు మీరూ ఆ దారిని పరిశీలించండి.

ఇప్పుడు కంప్యూటరులో మీ పేజీ తెరిచి, ఇంటి గుర్తు మీద కుడి మీట నొక్కి, ఇన్‌స్పెక్ట్ ఎంచుకుని, 'బిఫోర్' (::before) అన్నచోట ఆ సంఖ్యను వెతకండి. ఫాంట్ సైజును 200 పిక్సెళ్ళు చేసి, రంగు మార్చి, ఆ ఇంటి కప్పు అంచు ఎంత నున్నగా నిలుస్తుందో మీ కళ్ళతో చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య