తూము ఎత్తేదెవరు, దించేదెవరు? కీళ్ల వాపు గురించి అపోహలు - వాస్తవాలు

కర్నూలులో నేను చూసే కీళ్లవాత రోగులు ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల వైపు నుంచే కాదు, తుంగభద్ర దాటి గద్వాల, రాయచూరు నుంచి కూడా వస్తారు. నా దగ్గరికి చేరేసరికి చాలామందికి జబ్బు మొదలై ఏడాదో రెండేళ్లో గడిచి ఉంటుంది. ఆ కాలమంతా వాళ్లు ఊరికే కూర్చోలేదు. ఎవరో చెప్పిన కషాయం తాగారు, వంకాయ మానేశారు, నొప్పి పెరిగినప్పుడల్లా సూదులు వేయించుకున్నారు. ఒళ్లు వంచి పనిచేసే మనుషులు వేళ్లు వంకర్లు పోయాక రావడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అందుకే ఓపీలో రోజూ వినే మాటల్ని తీసుకుని, వాటి వెనక కణంలో జరిగేదేమిటో రాస్తున్నాను.

అపోహ: రోగనిరోధక శక్తి తగ్గడం వల్లే కీళ్లవాతం వచ్చింది. శక్తి పెంచుకుంటే పోతుంది.

వాస్తవం: కీళ్లవాతమని మనం పిలిచే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థ నీరసపడలేదు. ఆగవలసిన చోట అది ఆగడం లేదు. ఇది అర్థం కావాలంటే జన్యువుల దగ్గరికి వెళ్లాలి.

ప్రొటీన్ల తయారీకి సూచనలుండే జన్యువులు మనిషిలో సుమారు 20,000. కాలేయ కణంలోనూ, చర్మ కణంలోనూ, తెల్ల రక్తకణంలోనూ దాదాపు అవే ఉంటాయి. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తోంది అన్నదే తేడా. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పొలమున్నవారికి లష్కరు ఎవరో చెప్పనక్కరలేదు. కాలువలో నీళ్లు అందరివీ. ఏ తూము తలుపు ఎప్పుడు ఎత్తాలి, ఎన్నాళ్లకు దించాలి అన్నది ఆయన పని. ఎత్తకపోతే పైరు ఎండుతుంది, దించడం మరిచిపోతే అదే పైరు కుళ్లుతుంది. కణంలోనూ జన్యువుల తలుపులు ఎత్తి దించే ప్రొటీన్లున్నాయి.

వాపు విషయంలో వాటిలో పెద్దది ఎన్ఎఫ్-కప్పా బి. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని గుర్తించారు. మామూలు వేళల్లో ఇది కణకేంద్రకం బయట, ఐ-కప్పా బి అనే మరో ప్రొటీన్ పట్టులో ఉంటుంది. కాలిలో ముల్లు దిగి బ్యాక్టీరియా లోపలికి వచ్చిందనుకోండి. తెల్ల రక్తకణం దాన్ని పసిగట్టిన వెంటనే ఐ-కప్పా బి నాశనమవుతుంది. పట్టు వీడిన ఎన్ఎఫ్-కప్పా బి నిమిషాల్లో కేంద్రకంలోకి వెళ్లి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు జన్యువులను పనిలో పెడుతుంది. ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి, జ్వరం అన్నీ వాటి ఫలితమే. ఇన్నేళ్లుగా చదువుతున్నా నాకు అబ్బురంగా తోచేది దీని తర్వాతి అడుగు. ఎన్ఎఫ్-కప్పా బి పనిలో పెట్టే జన్యువుల్లో ఐ-కప్పా బి జన్యువు కూడా ఒకటి. అంటే తనను పట్టి ఆపేదాన్ని తానే తయారు చేయిస్తుంది. తలుపు ఎత్తిన చేతితోనే, దించమని కబురు కూడా పంపుతుంది. ముల్లు తీసేసిన కొద్ది రోజులకు కాలు మామూలు కావడం వెనక ఇలాంటి ఏర్పాట్లు ఎన్నో ఉన్నాయి.

దించే పనికి ప్రత్యేకమైన కణాలు కూడా ఉన్నాయి. నియంత్రక టి-కణాలంటాం. వాటిని నడిపేది ఫాక్స్‌పి3 అనే ఒకే ఒక్క జన్యువు. అది పుట్టుకతోనే చెడిపోయిన మగశిశువుల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుల మీద, చర్మం మీద, క్లోమం మీద విరుచుకుపడుతుంది. నెలల బిడ్డకు మధుమేహం వస్తుంది. ఈ కణాలనూ ఈ జన్యువునూ వెలుగులోకి తెచ్చిన షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ పసిపిల్లలే.

కాబట్టి కీళ్లవాతం ఉన్నవారు ఇమ్యూనిటీ పెంచే పొడులు, చుక్కలు కొనవద్దు. వాటిలో కొన్నింటిలో ఏమి కలిసిందో సీసా మీద ఉండదు.

అపోహ: ఇది జన్యువుల్లో ఉన్న జబ్బు. రాసిపెట్టి ఉంటే తప్పదు.

వాస్తవం: ఒకే రకం జన్యువులున్న కవల పిల్లల్లో ఒకరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ వస్తే రెండోవారికి వచ్చే అవకాశం నూటికి 15 దగ్గరే. జన్యువులే సర్వమైతే అది నూటికి నూరు కావాలి.

ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. కుర్రవాడికి నడుము నొప్పి లేదు, పొద్దున బిగుసుకుపోవడం లేదు. ఏదో ప్యాకేజీ పరీక్షల్లో హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యువు ఉందని వచ్చింది. ఆ కాగితం చూసి కుదిరిన సంబంధం ఆగిపోయింది. ఆ తండ్రి కళ్లల్లోని బెదురు నేను మరిచిపోలేదు. వెన్ను బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ రోగుల్లో చాలామందికి ఈ జన్యువు ఉంటుందన్నది నిజమే. కానీ లెక్కను తిరగేసి చూడండి. ఈ జన్యువు ఉన్న వందమందిలో జబ్బు వచ్చేది ఐదుగురి దాకానే. తండ్రికో అన్నకో జబ్బు ఉంటే అవకాశం పెరుగుతుంది, అప్పుడు కూడా ఎక్కువమందికి రాదు. లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష చేయించవద్దు. కుర్రవాడి పెళ్లివారికి వినిపించమని ఇదే మాట చీటీ మీద రాసిచ్చాను.

ఇంకో సంగతి ఇటీవలి సంవత్సరాల్లో తేలింది. ఇలాంటి జబ్బుల అవకాశాన్ని పెంచే డీఎన్ఏ తేడాల్లో సుమారు 90 శాతం అసలు జన్యువుల లోపల లేవు. వాటి పక్కన, దూరంగా, జన్యువును ఎంత పనిచేయించాలో నిర్ణయించే భాగాల్లో ఉన్నాయి. అంటే ప్రొటీన్ చెడిపోయింది కాదు, తలుపు ఒక వేలెడు ఎక్కువ లేస్తోంది. అలాంటి చిన్న తేడాలు ఎన్నో కలిసి, వాటికి బయటి కారణం తోడైతే జబ్బు. ఆ బయటి కారణాల్లో అన్నింటికంటే బలంగా రుజువైనది పొగ. బీడీ పొగకు ఊపిరితిత్తుల్లో కొన్ని ప్రొటీన్ల రూపు మారుతుంది. అవకాశమున్న జన్యువులు గలవారి శరీరం వాటిని పరాయివిగా చూడడం మొదలుపెడుతుంది. తాతకు, తల్లికి ఈ జబ్బు ఉందని భయపడుతూ బీడీ కాల్చేవారికి నేను చెప్పేది ఒకటే: తాతను మార్చలేం, బీడీని మానగలం.

అపోహ: రక్తం తక్కువగా ఉంది కాబట్టి నీరసం. ఐరన్ మాత్రలు వేసుకుంటే చాలు.

వాస్తవం: ఎమ్మిగనూరు వైపు నుంచి మగ్గం మీద పనిచేసే ఒకావిడ వచ్చారు. హిమోగ్లోబిన్ 8.2. ఆరు నెలలుగా ఐరన్ మాత్రలు వాడుతున్నారు, పెరగలేదు. మాత్రలు సరిగా మింగడం లేదని ఇంట్లో ఆమెనే తప్పుపట్టారు. ఆమె ఒక్క మాత్ర కూడా మానలేదు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి, రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంది.

వాపు ఉన్నప్పుడు తయారయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కాలేయానికి చేరి, హెప్సిడిన్ అనే హార్మోను జన్యువును పనిలో పెడుతుంది. హెప్సిడిన్ పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా, నిల్వల్లోంచి బయటికి పోకుండా తాళం వేస్తుంది. బ్యాక్టీరియాకు కూడా ఇనుము కావాలి కాబట్టి నాలుగు రోజుల జ్వరంలో ఇది తెలివైన పని. ఏళ్ల తరబడి వాపు ఉంటే మాత్రం శరీరంలో ఇనుము ఉండి కూడా రక్తం తయారుచేసే ఎముక మజ్జకు అందదు. ఆవిడ రక్తహీనతకు అసలు మందు కీళ్ల మందే. అలాగని ఐరన్ పనికిరాదని నేననను. మన ఆడవాళ్లలో నిజమైన ఇనుము లోపం ఎక్కువ, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. వాపు ఉన్నప్పుడు ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఇనుము సరిపోయిందని అనుకోకూడదు. సీఆర్‌పీతో కలిపి చూడాలి.

అపోహ: స్టెరాయిడ్ విషం. లేదా, ఆ ఒక్క సూదే నాకు పడుతుంది.

వాస్తవం: ఈ రెండు మాటలూ ఒకే రోజు, ఒకే వరుసలో కూర్చున్నవారి నోట వింటాను. రెండూ తప్పే.

స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి గ్రాహకం (రిసెప్టర్) అనే ప్రొటీన్‌ను పట్టుకుని కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ ఎన్ఎఫ్-కప్పా బి ఎత్తిన తలుపులను దించుతుంది, వాపును అణిచే మరికొన్ని జన్యువులను పనిలో పెడుతుంది. 1948లో ఫిలిప్ హెంచ్ బృందం మంచానికి అతుక్కుపోయిన కీళ్లవాత రోగి ఒకామెకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లో లేచి నడిచింది. 1950లో ఆ పనికి నోబెల్ వచ్చింది. కానీ ఆ గ్రాహకం ఒక్క తెల్ల రక్తకణంలోనే లేదు. కాలేయంలో అదే గ్రాహకం చక్కెర తయారుచేసే జన్యువులను లేపుతుంది. ఎముకలో కొత్త ఎముక కట్టే కణాలను అణుస్తుంది. నెలకోసారి సూది చేయించుకున్నవారికి చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం, ముఖం ఉబ్బడం అందుకే. పైగా శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీని ఆపేస్తుంది. అలా ఎక్కువ కాలం వాడి, విషమని విని ఒక్కసారిగా మానేసిన పెద్దాయన ఒకరు బీపీ పడిపోయి, స్పృహ తప్పి వచ్చారు. ఆయనకు ఊళ్లో ఏ సూది వేశారో చీటీ లేదు, చెప్పినవారు లేరు. మీకు వేసే ప్రతి సూది పేరు అడిగి రాయించుకోండి. అది మీ హక్కు.

ఎప్పుడు ఇచ్చామన్నది ఎంత ముఖ్యమో కోవిడ్ చూపించింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనంలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను సుమారు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు చేయలేదు. వైరస్ పెరుగుతున్న తొలి రోజుల్లో తలుపులు తెరిచి ఉండాలి. ఊపిరితిత్తులు వాపుతోనే మునుగుతున్నప్పుడు దించాలి.

అపోహ: పొద్దున్నే కీళ్లు బిగుసుకోవడం చల్లగాలి వల్ల.

వాస్తవం: కర్నూలు మే నెలలో కూడా పొద్దున్నే బిగుసుకుంటాయి. కణాల్లో పగలూ రాత్రీ లెక్కించే గడియారం జన్యువులున్నాయి. కీళ్లవాతంలో ఇంటర్‌ల్యూకిన్-6 తెల్లవారుజామున పెరుగుతుంది. బిగుసుకోవడం గంటకు పైగా ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి, స్వెటరు కొనుక్కుంటే సరిపోదు.

అపోహ: పసుపు చాలు, మందులెందుకు?

వాస్తవం: మన రాయలసీమలోని కడప జిల్లాలో పసుపు పండుతుంది, నా వంటలోనూ రోజూ ఉంటుంది. గాజు పాత్రలోని కణాల మీద కర్కుమిన్ ఎన్ఎఫ్-కప్పా బిని అణుస్తుందన్నది నిజం. అయితే తిన్నప్పుడు పేగుల నుంచి రక్తంలోకి చేరేది అతి స్వల్పం. బాగా ఒంటబట్టేలా మిరియాల సారం కలిపి అమ్మే ఎక్కువ మోతాదు గుళికలతో కాలేయం దెబ్బతిన్నవారున్నారు. కూరలో వేసుకోండి, గుళికలు వద్దు.

అపోహ: కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందు. మాకెందుకు?

వాస్తవం: 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఈ మందు రూపొందించిన బృందానికి నాయకుడు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్‌కు వందలు, వేల మిల్లీగ్రాముల్లో వాడుతారు. కీళ్లకు వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఆ కొద్ది మోతాదులో ఇది కణాలను చంపదు, వాపు కణాలను నెమ్మదింపజేస్తుంది. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా చాలామంది మానేస్తారు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వేరే. ఇది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే నోరు పుండవుతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోవచ్చు. అందుకే మీ ఊరి సంత ఏ రోజో అడిగి, ఆ రోజు పేరే చీటీ మీద తెలుగులో రాస్తాను. మగ్గం పనిచేసే ఆవిడ కూడా సంత రోజునే వేసుకుంటారు, డాక్టరు చెప్పిన ఇతర రోజుల్లో ఫోలిక్ యాసిడ్. గర్భం ధరించాలనుకునేవారు మొదలుపెట్టకముందే చెప్పాలి. మద్యం మానాలి. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చెప్పిన తేదీకి చేయించాలి. నోటిపూత, జ్వరం, ఆయాసం, పొడిదగ్గు, వీటిలో ఏది వచ్చినా తర్వాతి సంత రోజు మాత్ర ఆపి, ముందు ఫోను చేయండి.