బ్రిడ్జి ఊగితే భయపడాలా?

బ్రిడ్జిల తనిఖీ నా ఉద్యోగం. ఆ మాట తెలియగానే ఎవరైనా ముందు అడిగేది ఇదే: "సార్, ట్రాఫిక్‌లో ఆగితే ఫ్లైఓవర్ ఊగుతోంది, పడిపోదు కదా?"

అపోహ: ఊగుతోందంటే బలహీనపడినట్టే.
బరువు పడితే కొంచెం వంగడం, బరువు పోగానే మళ్లీ యథాస్థితికి రావడం ఉక్కుకూ కాంక్రీటుకూ సహజం. ఎంత వంగొచ్చో డిజైన్‌లోనే లెక్క ఉంటుంది. బండి మీద పోతున్నప్పుడు తెలియని కదలిక, ఆగి ఉండగా పక్కనుంచి లోడు లారీ వెళ్తే బాగా తెలుస్తుంది. అంతే, టెన్షన్ వద్దు.

అపోహ: రెండు స్లాబులు కలిసే జాయింట్ దగ్గర సందు ఉందంటే నాసిరకం పని.
ఆ సందు కావాలనే వదులుతారు. ఎండకు కాంక్రీటు సాగుతుంది. 100 మీటర్ల పొడవుకు 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. చోటు లేకపోతే పక్క స్లాబును నెట్టి పగులుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు చక్రాల కింద వినిపించే టక్ టక్ చప్పుడు ఈ జాయింట్లదే. ఇనుప పట్టీ ఊడి దడదడలాడుతుంటే మాత్రం అది ఫిర్యాదు చేయాల్సిన విషయం.

అపోహ: కారు వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు, మూడున్నర మీటర్ల లేన్ దండగ.
బస్సు, లారీ రెండున్నర మీటర్లుంటాయి. అటూ ఇటూ మిగిలే అర మీటరే డ్రైవరు చెయ్యి కాస్త తడబడినా కాపాడేది. అందులోకి బైక్ దూర్చకండి.

అపోహ: పగలు సొరంగంలో అన్ని లైట్లు వృథా.
మనాలి వెళ్లి అటల్ టన్నెల్ చూసొచ్చినవాళ్లు ఇది అడుగుతుంటారు. ఎండలోంచి లోపలికి రాగానే కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోపు బండి చాలా దూరం వెళ్లిపోతుంది. అందుకే సొరంగాల ముఖద్వారం దగ్గర రాత్రికంటే పగలే ఎక్కువ వెలుతురు కావాలి.

అపోహ: ఒకసారి గట్టిగా కడితే ఇక చూడక్కర్లేదు.
నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే. ఒక వానాకాలం ఒక ఫ్లైఓవర్ పిల్లర్ తలమీద, స్లాబు కింద మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాను. స్లాబు బరువు మోసే రబ్బరు బేరింగ్ చుట్టూ జానెడు బురద. పైన నీళ్లు పోయే గొట్టంలో టీ కప్పులు, గుట్కా ప్యాకెట్లు కూరుకుపోయాయి. దారిలేని నీరు జాయింట్‌లోంచి కారుతోంది. పిల్లర్ అంచున ఒకచోట కాంక్రీటు పెచ్చు ఊడి లోపలి ఇనుప చువ్వ కనిపించింది, వేలితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. పైన పోయే ఒక్కరికీ అక్కడ ఊగుడు తెలిసి ఉండదు.

నదుల మీద వంతెనలకైతే వరద పునాది చుట్టూ ఇసుకను కోసుకుపోవడం అన్నిటికంటే పెద్ద ముప్పు. వంతెన దగ్గర ఇసుక తవ్వితే ఆ పని మనమే చేసినట్టు.

ఫ్లైఓవర్ మీద వాన వెలిశాక కూడా నీళ్లు నిలిచి కనిపిస్తే, కిందున్న పిల్లర్ నంబరు రాసుకుని మున్సిపాలిటీకి చెప్పండి. ఆ నంబరుంటే మాలాంటివాళ్లు నేరుగా ఆ గొట్టం దగ్గరికే వెళ్లగలరు.