అవ్వ వేలు ఎందుకు పడలేదు

“యాలప్పా, నా వేలు చచ్చిపోయిందా?” అని అడిగింది అవ్వ. అప్పటికి నాలుగుసార్లు బొటనవేలు పెట్టింది. నాలుగుసార్లూ స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలే వచ్చినాయి.

అనంతపురం టవర్‌క్లాక్‌కు కొంచెం ఇవతల సందులో మా షాపు. బోర్డు మీద జిరాక్స్ అని ఉంటుంది గానీ, ఒక్క జిరాక్స్ తీస్తూ కూర్చుంటే కరెంటు బిల్లు కూడా గిట్టదు. అప్లికేషన్లు నింపుతాం, ఫొటోలు కొడతాం, లామినేషన్ చేస్తాం, వేలిముద్ర పెడితే బ్యాంకు ఖాతాలోంచి డబ్బులు తీసిస్తాం. అవ్వ వచ్చింది ఆ చివరి పనికే. అది మే నెలాఖరు, పల్లెల్లో విత్తనం కాయలు ఒలిచే రోజులు. శెనక్కాయను రెండు వేళ్ళ మధ్య పట్టి పుటుక్కున నొక్కి గింజ తీయాలి. పొద్దున కూర్చుంటే మాపటిదాకా అదే పని. ఆ వేళ్ళు ఎట్లుంటాయో వేరే చెప్పాల్నా!

ఇన్నేళ్ళు ఈ మిషన్ల మధ్య కూర్చున్నాక నాకు అర్థమైంది ఒకటుంది. మనం ఇచ్చిందాన్ని ఇచ్చినట్టు తీసుకునే మిషన్ ఒక్కటీ లేదు. వేలు పెడితే అది వేలును చూడదు. ‘క’ కొడితే అది ‘క’ను తీసుకోదు. ఒకదానికి తెలిసింది వెలుతురు ఎక్కడ తగ్గిందో అంతే. ఇంకోదానికి తెలిసింది ఏ రెండు గీతలు తాకినాయో అంతే. దేనికి ఏం కనబడుతుందో తెలుసుకుంటే సగం తంటాలకు కారణం దొరుకుతుంది. అవ్వ అడిగినదానికి జవాబూ దొరుకుతుంది.

ఇంట్లో ఒక గాజుగ్లాసు తీసుకోండి. నిండా నీళ్ళు పోసి, చేత్తో పట్టుకొని, పైనుంచి నీళ్ళలోకి ఏటవాలుగా చూడండి. గ్లాసు పక్కగోడ వెండిరేకులా మెరుస్తుంది, దాని వెనక ఉన్న మీ వేళ్ళు మాత్రం కనబడవు. ఇప్పుడు వేళ్ళు కొంచెం తడుపుకొని గట్టిగా అదమండి. ఆ వెండిరేకు మీద మీ వేలిగీతలు ఒక్కొక్కటే చెక్కినట్టు తేలతాయి. నాకిది ఇప్పటికీ గారడీలాగే ఉంటుంది, తీరిక దొరికితే కౌంటరు దగ్గరికి వచ్చిన పిల్లలందరికీ చూపిస్తుంటా.

నీళ్ళలోనో గాజులోనో పోతున్న వెలుతురు బాగా ఏటవాలుగా వచ్చి గాలి అంచును తాకితే బయటికి పోలేదు. మొత్తం వెనక్కి తిరుగుతుంది. బడిలో సంపూర్ణాంతర పరావర్తనం అని చదువుకున్నది ఇదే. కానీ ఆ చోట గాలికి బదులు చర్మం ఆనుకొని ఉంటే వెలుతురు చర్మంలోకి దిగిపోతుంది, వెనక్కి వచ్చేది తగ్గుతుంది. వేలి మీద గట్లున్నచోట చర్మం గాజును తాకుతుంది, అక్కడ నలుపు. కాలువలున్నచోట మధ్యలో గాలి ఉంటుంది, అక్కడ తెలుపు. మా కౌంటరు మీది వేలిముద్ర మిషన్‌లో ఉన్నదీ ఇంతే: ఒక గాజు పట్టకం, కింద ఒక చిన్న లైటు, పక్కన ఒక చిన్న కెమెరా. గట్లూ కాలువలూ అని పొలం మాట వాడింది కావాలనే. వేలిగీతలు నిజంగానే మడిచెక్కల్లా ఉంటాయి.

పోల్చేటప్పుడు మిషన్ ఆ బొమ్మనంతా పోల్చదు. గట్టు ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది, ఆ చోట్ల మధ్య దూరమెంత, ఏ వాలులో ఉన్నాయి అని చూసుకుంటుంది. ఇక అవ్వ వేలు సంగతి. కాయ పెచ్చుకు రాసుకొని రాసుకొని గట్లు అరిగినాయి. పైగా మా ఎండలకు చర్మం పొడిబారింది. గట్టు గాజును పూర్తిగా తాకదు, మధ్యమధ్యలో గాలి చిక్కుకుంటుంది. సాగిపోవాల్సిన గీత చుక్కలు చుక్కలుగా తెగుతుంది. తెగిన ప్రతిచోటా మిషన్‌కు ‘ఇక్కడ గట్టు ఆగింది’ అనిపిస్తుంది. ఆ లెక్కన చూస్తే అది వేరే మనిషి వేలు.

“వేలు బతికే ఉంది అవ్వా, దానికి దాహమేసింది” అన్నాను. తడిగుడ్డ ఇచ్చి వేళ్ళు తుడుచుకోమన్నాను. కొంచెం తేమ ఉంటే గట్టుకూ గాజుకూ మధ్య గాలి పోయి గీత కలుస్తుంది. అట్లని నీళ్ళలో ముంచి పెట్టినా పని జరగదు, కాలువలు కూడా నిండి మొత్తం ఒకటే నల్లమచ్చగా పడుతుంది. కొందరు తలనూనె రాస్తారు. వాళ్ళ వేలు పడుతుంది గానీ ఆ జిడ్డు గాజు మీద మిగిలి తర్వాత వచ్చినవాళ్ళ ముద్రను పాడుచేస్తుంది. నూనె వేలితో మా మిషన్ జోలికి ఎవరైనా వస్తే నాకు మహా కోపం.

అరిగిన గీతలు శాశ్వతంగా పోవు. తల్లికడుపులో ఉన్నప్పుడే ఆ నమూనా చర్మం లోపొరల్లో ఏర్పడుతుంది. పైపొర అరిగినా, కొన్ని వారాలు వేళ్ళకు విశ్రాంతి దొరికితే అవే గీతలు మళ్ళీ తేలతాయి. అయితే ఒలుపు పని ఉన్న నెలలోనే విత్తనాలకూ ఎరువులకూ డబ్బు అక్కరకొస్తుంది. వేలు అరిగేదీ, వేలితో పని పడేదీ ఒకే కాలంలో.

వేలిముద్రను గుర్తుగా వాడే పద్ధతికి మన దేశంతో పాత సంబంధమే ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టు కాగితం వెనక రాజ్యధర్ కోనై అనే వ్యాపారి చేత అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత మాట తప్పకుండా ఉంటాడని. ముద్రలను వరుసపెట్టి వెతికే పద్ధతి 1890లలో కలకత్తాలో తయారైంది. దానికి పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది గానీ, లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఉద్యోగులు. మన ఊళ్ళల్లో మాత్రం వేలిముద్రగాడు అంటే తిట్టు. ఇప్పుడు కలెక్టరైనా వేలు పెట్టాల్సిందే.

అవ్వ వేళ్ళు తుడుచుకుంటుంటే, వెంట వచ్చిన మనవడు ఏదో సర్టిఫికెట్ అప్లికేషన్ కొట్టించుకోవాలన్నాడు. కీబోర్డు లాగినా. వరసగా నాలుగైదు అక్షరాలు పడలేదు. ముందురోజు దాని మీద టీ ఒలికింది నేనే, కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

కీబోర్డు విప్పి చూడనివాళ్ళు ఒకసారి చూడాలి. మరలు తీస్తే మొదట ఇన్నేళ్ళ దుమ్ము, వెంట్రుకలు, శెనక్కాయ పొట్టు. దాని కింద ప్రతి మీటకూ ఒక రబ్బరు గిన్నె బోర్లించి ఉంటుంది. వాటి కింద మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు. పైదాని మీదా కిందదాని మీదా కరెంటు పారే గీతలు అచ్చువేసి ఉంటాయి. నడిమిదానికి ప్రతి మీట కింద ఒక చిల్లు. మీట నొక్కితే గిన్నె చదునై, పై షీటు ఆ చిల్లులోంచి కింద షీటును తాకుతుంది. వేలు తీస్తే గిన్నె మళ్ళీ లేస్తుంది.

మీటలు 104. ఒక్కోదానికి ఒక్కో తీగ వేస్తే తీగల అడవి అవుతుంది. అందుకే వీధుల పద్ధతి. అడ్డంగా 8 గీతలు, నిలువుగా 18 గీతలు అనుకోండి. మొత్తం 26 తీగలకే 144 కూడళ్ళు వస్తాయి. లోపలున్న చిన్న చిప్పు ఒక్కో వీధిలోకి వరసగా కరెంటు పంపి, అది ఏ అడ్డవీధిలో బయటపడిందో చూస్తుంది. ఇది సెకనుకు వందలసార్లు జరుగుతుంది. టీ ఒలికి ఒక్క గీత తినిపోతే ఆ వీధిలో ఇళ్ళన్నిటికీ కరెంటు పోయినట్టే. అందుకే ఒకటి కాదు, వరసగా నాలుగైదు మీటలు పడుకుంటాయి. ఒక్క మీటే పడకపోతే దాని కింద చెత్తో, చిరిగిన గిన్నో ఉన్నట్టు. ఈ ఒక్క తేడా తెలిస్తే కొత్తది కొనాలా, దులిపితే చాలా అన్నది విప్పకముందే చెప్పొచ్చు.

చిప్పు కంప్యూటర్‌కు పంపేది అక్షరం కాదు, ఫలానా కూడలిలో మీట పడింది అని ఒక అంకె. దాన్ని ‘క’ అనాలో ఇంగ్లీషు ‘కే’ అనాలో నిర్ణయించేది కంప్యూటర్ లోపలి ప్రోగ్రాము. మన ప్రభుత్వం 1980లలో తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘కే’ మీట నొక్కితే ‘క’ వస్తుంది. బళ్ళారి నుంచి వచ్చినాయన కన్నడంలో కొట్టమన్నా ‘క’కు అదే మీట. హిందీకీ అదే. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. నేర్చుకోవడానికి పదిహేను రోజులు చాలు. అయినా ఎవరూ నేర్చుకోరు, అందరూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి మార్పించుకుంటారు. నాకు నచ్చదు గానీ నా మాట వినేదెవరు!

ఆ తర్వాత ‘క’కు యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో అంకె ఇచ్చిన పట్టికలో, 3093 అనే అంకె దక్కుతుంది. ‘క్ష’ చూడ్డానికి ఒకే అక్షరం. లోపల మాత్రం మూడు అంకెలు: క 3093, పొల్లు 3149, ష 3127. మూడూ వరసగా కనబడితే ఫాంటు వాటిని కలిపి ఒక బొమ్మగా గీస్తుంది. అనంతపురం అని రాస్తే మన కంటికి అయిదు అక్షరాలు, కంప్యూటర్‌కు ఎనిమిది అంకెలు. పాత డీటీపీ ఫాంట్లలో ఈ పద్ధతి లేదు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, అన్నీ ఇంగ్లీషు అక్షరాల అంకెల్లోనే దాచేవాళ్ళు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పెళ్ళిపత్రిక బూతులపంచాంగంలా కనబడేది.

మౌస్ గురించి ఒక్కమాట. దాని కడుపులో ఉన్నది కెమెరా. కింద నేలను సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ముందుదానికీ తర్వాతిదానికీ ఎంత జరిగిందో పోల్చుకుంటుంది. మా కౌంటరుకు పైన నున్నటి గాజు. పోల్చడానికి అక్కడ ఏమీ కనబడక బాణం గుర్తు నిలబడిపోతుంది. పాత క్యాలెండరు కాగితం పరిస్తే పరుగు తీస్తుంది.

ఇక బయటికి వచ్చేవాటి సంగతి. జిరాక్స్ అన్న మాటకు మూలమైన గ్రీకు మాటకు అర్థం పొడి అని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే మా జిల్లాకు ఇంతకంటే సరిపడే మిషన్ ఉంటుందా! 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ చేసింది వింటే ఇది వంటింటి ప్రయోగమా అనిపిస్తుంది. గంధకం పూసిన జింకు రేకును జేబురుమాలుతో రుద్దినాడు, దువ్వెన రుద్దితే కాగితం ముక్కలు అంటుకున్నట్టు దానికి విద్యుత్తు పట్టింది. తేదీ, ఊరిపేరు రాసిన గాజుపలకను మీద పెట్టి లైటు వేసినాడు. వెలుతురు తగిలినచోట విద్యుత్తు జారిపోయింది, అక్షరాల నీడలో మాత్రం నిలిచింది. పైన పొడి చల్లి ఊదితే అక్షరాలకే అంటుకుంది. దాన్ని మైనపు కాగితానికి దించుకున్నాడు. షాపుల్లో పెట్టుకునే మిషన్ రావడానికి మాత్రం 1959 దాకా పట్టింది.

ఇప్పటి మిషన్‌లో రేకుకు బదులు డ్రమ్ము, దీపానికి బదులు లేజరు. టోనరు అంటే సిరా కాదు, రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. వేడి రోలరు దాన్ని కరిగించి కాగితం పోగుల్లోకి అదుముతుంది, అందుకే కాపీ చేతికి వెచ్చగా వస్తుంది. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుంటే విద్యుత్తు సరిగా నిలవదు. అక్షరాలు వెలవెలబోతాయి, కాగితాలు లోపల ఇరుక్కుంటాయి. వాన పడితే ఊరంతా సంబరపడుతుంది, నేను కాగితం కట్టను పాలిథీన్ సంచిలో చుట్టుకుంటా.

స్లిప్పులు కొట్టే చిన్న ప్రింటరుది ఇంకో దారి. అందులో సిరా లేదు, పొడి లేదు. రంగంతా కాగితంలోనే ఉంటుంది, వేడి తగిలేదాకా కనబడదు. ప్రింటరు తలలో మిల్లీమీటరుకు 8 చొప్పున వరసగా వేడి చుక్కలుంటాయి. ఏ చుక్క వేడెక్కితే దాని కింద కాగితం నల్లబడుతుంది. చేతిలో అట్లాంటి స్లిప్పుంటే గోటితో గట్టిగా గీకండి. రాపిడి వేడికే నల్లగీత పడుతుంది.

ఈ సంగతి నాకు తెలిసిన తీరు మాత్రం సిగ్గుచేటు. ఒకాయన కొత్త ఫ్రిజ్జు బిల్లు తెచ్చి, గ్యారంటీ ఉన్నన్నాళ్ళూ చెడిపోకుండా లామినేషన్ చేయమన్నాడు. మిషన్‌లోకి తోసినా. అవతల నుంచి నిగనిగలాడే నల్లటి అట్ట బయటికొచ్చింది. ఒక్క అంకె కూడా మిగల్లేదు. ఆయన నన్ను అన్న మాటలన్నీ న్యాయమైనవే. లామినేషన్ రోలర్ల వేడికి కాగితం మొత్తం ఒకేసారి ‘ప్రింటు’ అయిపోయింది. వేడి సోకకపోయినా, ఎండకూ చేతి జిడ్డుకూ కొన్ని నెలల్లో ఆ రాత వెలిసిపోతుంది.

అవ్వ బొటనవేలు ఆరోసారీ పడలేదు. ఉంగరం వేలు పెట్టమన్నాను. కాయ నొక్కేది బొటనవేలూ చూపుడువేలూ, దీనికి అంత అరుగుడు ఉండదు. గాజు మీద ఆనించి, నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెట్టమన్నాను. పడింది. స్లిప్పు కిర్రుమని బయటికొచ్చింది.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, ఆ స్లిప్పును జిరాక్స్ మిషన్ మీద పెట్టి ఒక కాపీ తీసినా. దీపావళికల్లా ఈ చిన్న కాగితం తెల్లబోతుంది, పెద్దది ఉంటుంది అని చెప్పి రెండూ చేతికిచ్చినా. అవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో అసలుది యాది?”

“చిన్నది.”

పెద్దదాన్ని నాలుగు మడతలు పెట్టి వక్కాకు సంచిలో వేసుకుంది. అసలుదాన్ని నా కౌంటరు మీదే వదిలేసి, మనవడి భుజం పట్టుకొని మెట్లు దిగింది.